‘పడదు’ అనే మాట వెనుక: పిల్లలలో, పెద్దలలో ఆహారపు ఎలర్జీ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను. మెట్రిక్యులేషన్ ప్యాసై, ఈ హుబ్బళ్ళిలో రైల్వే గుమాస్తాగా పని చేస్తున్నవాణ్ణి. ఆరోగ్యం గురించి మాట్లాడడానికి నీకేమి అర్హత అని మీరు అడగవచ్చు. అడగవలసినదే. మా రెండవ అమ్మాయికి వేరుసెనగ పడదు. ఆ కారణాన ఐదేళ్ళుగా పెద్ద డాక్టర్ల దగ్గర కూర్చున్నాను. వారు చెప్పినది వ్రాసుకున్నాను. అర్థం కానిది మళ్ళీ వెళ్ళి అడిగాను. గుమాస్తాకు ఫైలు కట్టడం అలవాటు గదా! ఆ ఫైలునే ఇవాళ మీ ముందు విప్పుతున్నాను. మందులు, మోతాదులు మాత్రం మీ డాక్టరుగారిని అడిగే తెలుసుకోవాలి.

మన భాషలో ‘పడదు’ అని ఒక మాట ఉన్నది. వంకాయ పడదంటాము. పాలు పడవంటాము. కొత్త ఊరికి బదిలీ అయితే అక్కడి నీళ్ళు పడలేదంటాము. అత్తాకోడళ్ళకు పడదంటాము. ఇక్కడి కన్నడిగులు కూడా ఇదే పద్ధతిలో ‘ఆగంగిల్ల’ అంటారు. మాట మంచిదే, మెత్తనిది. ఎవరినీ నొప్పించకుండా ఒక వంటకాన్ని తప్పించుకోవడానికి ఇంతకంటె మర్యాదైన మాట లేదు. చిక్కంతా ఏమిటంటే, అయిష్టము, అజీర్ణము, దురద, ప్రాణం తీసే జబ్బు, ఈ నాలుగింటినీ మనము ఒకే సంచిలో వేసి మూట కట్టాము. అందువలన రెండు నష్టాలు కలుగుతున్నాయి. నిజంగా ప్రమాదమున్న పిల్లవాడి తల్లి “మావాడికి పడదండీ” అంటే, “ఒక్క ముద్దకు ఏమీ కాదులే అమ్మా” అని కొసరి పెడుతున్నాము. ఏ ప్రమాదమూ లేని పిల్లకు పాలు, గుడ్డు, పప్పు మాన్పించి పథ్యం పేరుతో ఎండగడుతున్నాము.

ఆ మూట విప్పి చూద్దాము. కంద తరిగితే చేతులు దురద పెడతాయి, సరిగా ఉడకకపోతే గొంతు గీరుకుంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత ఉన్నది. కాని దురదంతా కందలోనే ఉన్నది. కందలోను, చామదుంపలోను కంటికి కనపడనంత సన్నని కాల్షియం ఆక్సలేటు సూదులుంటాయి. అవి చర్మంలో గుచ్చుకుంటాయి. ఎవరికైనా గుచ్చుకుంటాయి. ఇది ఎలర్జీ కాదు. మన పెద్దలు చింతపండు వేసి ఉడికించినది ఇందుకే.

వంకాయ సంగతి కొంచెం తిరకాసు. వంకాయలో హిస్టమిన్ అనే పదార్థం సహజంగానే కొంత ఉంటుంది. ఎలర్జీ వచ్చినప్పుడు మన ఒంట్లో పుట్టి దద్దుర్లు తెప్పించేది కూడా ఆ హిస్టమినే. కనుక వంకాయ తిని నాలుక దురద పెట్టిన ప్రతివారికీ ఎలర్జీ ఉన్నట్లు కాదు. నిజమైన వంకాయ ఎలర్జీ ఉన్నవారు కొందరున్నారు గాని తక్కువ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయం వారు ఈ వంకాయ మీదనే ప్రత్యేకంగా పరిశోధన చేశారంటే, మన దక్షిణాదిలో ఈ ఫిర్యాదు ఎంత పాతదో ఊహించుకోండి.

ఇక పాలు. పెద్దవారిలో పాలు త్రాగితే కడుపుబ్బరము, విరేచనములు అయ్యేవారు మన వైపు చాలామంది. పాలలోని చక్కెరను జీర్ణం చేసే రసం పసితనంలో పుష్కలంగా ఉండి, పెరిగేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. అటువంటివారు కాఫీలో చుక్క పాలు వేసుకుంటే ఏమీ కాదు, పెరుగన్నం హాయిగా తింటారు. బాధే గాని ప్రమాదం లేదు. పసిపిల్లలకు వచ్చే పాల ఎలర్జీ వేరు. అది పాలలోని చక్కెర మీద కాదు, మాంసకృత్తుల మీద. అక్కడ చుక్క కూడా లెక్కే. ఆవు పాలు పడకపోతే మేక పాలో గేదె పాలో పట్టమని చెప్పే పెద్దమ్మలు ప్రతి వీధిలోను ఉంటారు. ఆ మాంసకృత్తులు ఒకదానినొకటి పోలినవే కాబట్టి, ఆవు పాలు పడని బిడ్డలలో చాలామందికి అవీ పడవు. పోత పాలు ఏవి పట్టాలో డాక్టరే చెప్పాలి. తల్లిపాలు మాత్రం ఎవరో చెప్పారని మాన్పించకండి.

మరి అసలైన ఎలర్జీ అంటే ఏమిటి? ఆ పేరు పెట్టినవాడు వియన్నా నగరంలోని పిల్లల డాక్టరు పిర్కే, 1906లో. మన శరీరంలో రోగాలను ఎదుర్కొనే కాపలా ఒకటి ఉన్నది. అది పొరపాటున ఒక తిండిపదార్థాన్ని శత్రువుగా వ్రాసుకుంటుంది. మొదటిసారి తిన్నప్పుడు పైకి ఏమీ కనపడకపోవచ్చు, లోపల మాత్రం ఏర్పాటు జరిగిపోతుంది. రైల్వేవారికి ఒక పోలిక చెబుతాను. పొగమంచు పట్టినప్పుడు పట్టాల మీద డిటొనేటర్లు అమరుస్తారు. అమర్చినప్పుడు చప్పుడు ఉండదు. చక్రం వాటి మీదికి ఎక్కినప్పుడే ఢామ్మని పేలుతాయి. అట్లాగే చర్మంలోను, గొంతులోను, పేగులలోను కొన్ని కణాలు హిస్టమిన్ మొదలైన వాటిని నింపుకుని సిద్ధంగా కూర్చుంటాయి. మళ్ళీ ఆ పదార్థం వచ్చి తగలగానే అన్నీ ఒక్కసారిగా పేలుతాయి.

ఈ ఏర్పాటు రక్తంలో ఉంటుందని తెలుసుకున్న కథ ముచ్చటైనది. 1921లో బ్రెస్లావులో ప్రౌస్నిట్జ్, కూస్ట్నర్ అని ఇద్దరు డాక్టర్లుండేవారు. ఆ ఊరు అప్పుడు జర్మనీలోనిది, ఇప్పుడు పోలెండులో ఉన్నది. కూస్ట్నరుకు చేప పడదు. ప్రౌస్నిట్జ్ తన మిత్రుని రక్తరసాన్ని కొంచెం తన పొట్ట చర్మంలోనికి ఎక్కించుకున్నాడు. మరునాడు అదే చోట చేప రసాన్ని సూదితో గుచ్చుకున్నాడు. చేప ఏనాడూ చెరుపు చేయని ఆయన చర్మం మీద, సరిగ్గా అక్కడే, దద్దు లేచింది! రక్తంలోని ఆ పదార్థం ఏదో తేల్చడానికి మరి 45 ఏళ్ళు పట్టింది. 1966లో అమెరికాలో పనిచేస్తున్న ఇషిజాకా దంపతులు, 1967లో స్వీడనులో జొహాన్సన్, బెన్నిచ్ దానిని పట్టుకున్నారు. దానిని ‘ఐజి-ఇ’ అంటారు. ఇవాళ డాక్టర్లు వ్రాసే రక్తపరీక్ష దీనిని కొలవడానికే.

లక్షణాలు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాలలోనే, ఆలస్యమైతే రెండు గంటలలోపల కనిపిస్తాయి. ఒట్టి దద్దుర్లతో పోతే అదృష్టం. పెదవులు, నాలుక వాచడము, గొంతు బొంగురుపోవడము, పిల్లికూతలు, ఆగని వాంతులు, ముఖం పాలిపోయి బిడ్డ వేలాడిపోవడము, ఇవి కనిపిస్తే ప్రాణం మీదికి వచ్చినట్లే. కొందరికి దద్దుర్లు లేకుండానే ఈ స్థితి వస్తుంది. దీనిని అనాఫిలాక్సిస్ అంటారు. దీని పని పట్టిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రిషేకు 1913లో నోబెల్ బహుమానం ఇచ్చారు.

మా అమ్మాయికి అప్పుడు రెండున్నర ఏళ్ళు. ఎదురింటివారు పండుగకు శేంగా హోళిగె చేసి, ప్రేమతో పిల్ల చేతిలో ఒక ముక్క పెట్టారు. వారి తప్పేమీ లేదు, ఈ ప్రాంతంలో వేరుసెనగ లేని ఇల్లుండదు. పది నిమిషాలకు పెదవి వాచింది. రెండు వాంతులైనాయి. దగ్గరలోని ఒక చిన్న క్లినిక్కులో అజీర్ణమని చెప్పి దురద మందు చెంచాడు పోశారు. అంతలో పిల్ల ఏడుపులో గొంతు మారింది. మా ఆవిడ ఆ గొంతు విని ఇక ఒక్క క్షణం ఆగలేదు; ఆటో ఎక్కించి పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి చిన్న డాక్టరమ్మ పిల్లను చూస్తూనే తొడకు ఒక సూది వేసింది. కొద్ది నిమిషాలలో పిల్ల ముఖంలోకి రంగు వచ్చింది. ఆ రాత్రంతా అక్కడే ఉంచారు, ఎందుకంటే కొన్ని గంటల తరువాత రెండవసారి తిరగబెట్టవచ్చునట.

ఆ సూది పేరు అడ్రినలిన్. దయచేసి ఈ పేరు అందరూ గుర్తుంచుకోండి. ఇది కొత్త మందు కాదు, ఖరీదైన మందూ కాదు. చిన్న గాజు గొట్టంలో వస్తుంది. తొడ బయటి వైపు కండలో వేస్తారు. సెట్రిజిన్ వంటి మాత్రలు దురదను తగ్గిస్తాయి గాని మూసుకుపోతున్న గొంతును తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలపలేవు. మాత్ర వేసి చూద్దామని కూర్చోవడమే అసలు ప్రమాదం. రోగిని నిలబెట్టకండి, నడిపించకండి. పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తున ఉంచండి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టండి, వాంతులవుతుంటే ప్రక్కకు తిప్పండి. 108కి ఫోను చేసేటప్పుడు “తిండి వలన ఎలర్జీ, ఊపిరి ఆడడం లేదు” అని స్పష్టంగా చెప్పండి. రైలులో అయితే 139కి చేసి, టి.టి.ఇ.కి కూడా చెప్పండి. ముందు వచ్చే పెద్ద స్టేషనుకు డాక్టరును పిలిపిస్తారు. రైలు ప్రయాణంలో పడనివారి తిండి ఇంటి నుంచి కట్టుకుని పోవడమే మేలని రైల్వేవాడినై ఉండి చెబుతున్నాను.

ఏయే పదార్థాలు ఇట్లా చేస్తాయి? పాలు, గుడ్డు, వేరుసెనగ, జీడిపప్పు, బాదము, పిస్తా వంటి గింజలు, చేప, రొయ్య, పీత, గోధుమ, సోయా, నువ్వులు ముఖ్యమైనవి. మన దేశంలో సెనగలు, మినుములు కూడా కొందరికి పడవు. పొట్లం కట్టి అమ్మే తిండి మీద పాలు, గుడ్డు, చేప, వేరుసెనగ, గింజలు, సోయా, గోధుమ వంటివి ఉంటే ఆ సంగతి వ్రాయాలని 2020 నాటి ప్రభుత్వ నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాలో నువ్వులు లేవు, సెనగలు లేవు. మన పొడులు, లడ్డులు, చిక్కీలు కొనేవారు అందుకని చీటీ అంతా చదవాలి. మరొక సంగతి వింటే మా ఆవిడవలెనే మీరూ ఆశ్చర్యపోతారు. బజారులో దొరికే ఇంగువలో చాలా రకాలు ఒట్టి ఇంగువ కాదు, గోధుమపిండి కలిపినవి. గోధుమ పడని పిల్లకు అన్నమూ చారూ పెట్టి నిశ్చింతగా ఉండే తల్లి ఇంగువ డబ్బా తిప్పి చదవాలి.

పెద్దలకు కొత్తగా ఎలర్జీ రాదనుకోకండి. ముప్పై ఏళ్ళు రొయ్యలు తిన్న మనిషికి ముప్పై ఒకటవ ఏట పడకపోవచ్చు. రొయ్యలలోని ఆ మాంసకృత్తి ఎంత ఉడికించినా చావదు. కొందరికి రొయ్యలు ఉడికే ఆవిరి తగిలినా ఆయాసం వస్తుంది. అటువంటిదే ఇంటి దుమ్ములోని నుసిపురుగులలోను, బొద్దింకలలోను కూడా ఉంటుంది. సెలవులకు భీమవరం, కాకినాడ వైపు చుట్టాల ఇళ్ళకు వెళ్ళేవారు దీనిని గమనించాలి. అక్కడ అతిథికి రొయ్యలు పెట్టకపోతే చిన్నతనం, అతిథి వద్దంటే పెద్ద తప్పు. చిన్నవారి మాట వేరు. పాలు, గుడ్డు వలన వచ్చిన ఎలర్జీ చాలామంది పిల్లలకు వయసుతో పోతుంది. వేరుసెనగది సుమారు ఐదుగురిలో ఒకరికి పోతుంది. చేప, రొయ్య సామాన్యంగా వదలవు. అందుచేత ఒకసారి పడలేదని జన్మంతా నిషేధం పెట్టకుండా, డాక్టరు చెప్పినప్పుడు మళ్ళీ పరీక్ష చేయించాలి.

పరీక్షల గురించి ఒక లెక్క చెబుతాను. మన రాష్ట్రపు లెక్కే. బెంగుళూరు, మైసూరు ప్రాంతాలలో 20 నుంచి 54 ఏళ్ళ వయసువారిని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఏదో ఒక తిండికి విరుద్ధంగా రక్తంలో ఐజి-ఇ కనిపించినవారు నూటికి 26 మందికి పైగా ఉన్నారు. తిన్నప్పుడు బాధ కలిగి, పరీక్షకూ సరిపోయి, ఎలర్జీ అనదగినవారు నూటికి 1.2 మందే. అంటే రక్తపరీక్ష కాగితాన్ని మాత్రమే పట్టుకుని పథ్యం పెడితే, ఇరవై మందికి పైగా అనవసరంగా తిండి మానుతారు. ఏమి తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది, ప్రతిసారీ అట్లాగే అవుతున్నదా అని డాక్టరు అడిగే ప్రశ్నలే సగం పరీక్ష. తేలకపోతే ఆసుపత్రిలో, వారి కళ్ళ ముందు, కొంచెం కొంచెంగా తినిపించి చూస్తారు. ఇంట్లో మనము ఆ సాహసం చేయకూడదు. వంద పదార్థాలకు ఒకేసారి పరీక్ష అని ‘ఐజి-జి’ పేరుతో వేలు వసూలు చేసేవారున్నారు. ఆ పదార్థం మామూలుగా తినే తిండికి అందరి రక్తంలోను ఉంటుంది. దాని వలన ఎలర్జీ తేలదని ఎలర్జీ వైద్యుల సంఘాలే చెప్పాయి. డబ్బు దండుగ.

చంటిపిల్లల తల్లులు ఇప్పుడు చెప్పేది శ్రద్ధగా వినాలి. ప్రమాదమున్న బిడ్డకు మూడేళ్ళు వచ్చేదాకా వేరుసెనగ పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2000లో చెప్పింది, 2008లో ఆ మాట మానుకున్నది. అదే ఏడు లండనులో ఒక చిత్రం గమనించారు. ఇంగ్లండులోని యూదుల పిల్లలలో వేరుసెనగ ఎలర్జీ ఇజ్రాయేలులోని యూదుల పిల్లలకంటె సుమారు పది రెట్లు ఎక్కువ. ఇజ్రాయేలు పిల్లలు పళ్ళు వచ్చీరాకముందే వేరుసెనగతో చేసిన మెత్తని చిరుతిండి తింటారు. దానిమీద లండను డాక్టర్లు ప్రమాదమున్న 640 మంది పసివారిని తీసుకుని, సగం మందికి వేరుసెనగ పెడుతూ, సగం మందికి మాన్పించి, ఐదేళ్ళు వచ్చేదాకా చూశారు. 2015లో ఫలితం చెప్పారు. మాన్పించినవారిలో నూటికి 17 మందికి ఎలర్జీ వచ్చింది, తిన్నవారిలో నూటికి 3 మందికే.

మన అన్నప్రాశన ఆరవ నెలలో చేస్తాము. ముహూర్తం పెట్టిన పెద్దలు ఈ పరీక్షలు చేయలేదు గాని, ఆ వేళ బాగానే కుదిరింది. అన్నము, పప్పు, గుడ్డు, మెత్తగా నూరి పలుచన చేసిన వేరుసెనగ, ఒక్కొక్కటే అలవాటు చేయవచ్చు. గింజలు గింజలుగా మాత్రం పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. ఒళ్ళంతా తీవ్రమైన గజ్జి వంటి పొక్కులున్న బిడ్డకు, ఇంతకుముందే ఏదో పడని బిడ్డకు డాక్టరును అడిగిన తరువాతనే పెట్టాలి. ఎలర్జీ వచ్చిన తరువాత కొంచెం కొంచెం పెట్టి మరపించే చికిత్స కూడా ఒకటున్నది, 2024లో అమెరికాలో ఐజి-ఇని అణిచే ఒక సూదిమందుకు తిండి ఎలర్జీ కొరకు అనుమతి వచ్చింది. ఇవి నిపుణుల చేతిలో పనులు, బామ్మగారి చేతిలోవి కావు.

ఇక మన విందు. ప్రసాదం కాదనరాదంటాము. పంచామృతంలో పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. సత్యనారాయణస్వామి ప్రసాదంలో గోధుమనూక ఉంటుంది. పడని బిడ్డ కళ్ళకద్దుకుని ప్రక్కన పెడితే స్వామికి కోపం వస్తుందని నేను అనుకోను. వడ్డించేవారికే వస్తుంది. ఉగాది పచ్చడికి షడ్రుచులు కావాలి. వేపపువ్వు, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారం ఆ ఆరింటినీ తెస్తాయి. జీడిపప్పు ఏడవ రుచి కాదు, డాబు కొరకు వేసేది. దానిని వేరే గిన్నెలో పెడితే పచ్చడికి లోటు ఏమీ రాదు. పులిహోరలో ముంచిన గరిటె దద్దోజనంలో పెట్టవద్దు; ఎంగిలి, అంటు అని మన ఇళ్ళలో గరిటెల మీద ఎంతో పట్టింపు ఉండేది గదా, ఆ పట్టింపు ఇక్కడ చూపిద్దాము. గానుగ వేరుసెనగ నూనెలో మాంసకృత్తులు మిగిలి ఉంటాయి కాబట్టి వంట ఏ నూనెతో అన్నది కూడా చెప్పాలి.

కార్యవర్గం వారు నా మాట మన్నించి ఈ ఏడు వంటవారి చేత చీటీ వ్రాయించారు, భోజనశాల తలుపు మీద అంటించి ఉన్నది. పులిహోరలో వేరుసెనగ, నువ్వులపొడి రెండూ పడ్డాయి. కూర్మాలో జీడిపప్పు నూరి వేశారు. పచ్చడిలో వేయలేదు. వంటంతా ప్రొద్దుతిరుగుడు నూనెతో. బొబ్బట్లు మైదావి, నేతితో కాల్చినవి. మీ పిల్లలకుగాని, మీకుగాని ఏదైనా పడకపోతే, వడ్డన మొదలు పెట్టకముందే నాతోగాని వంటవారితోగాని చెప్పండి. అటువంటివారికి వేరే గరిటెలతో, ముందుగా మొదటి పంక్తిలోనే వడ్డిస్తారు.